రత్నమ్మ గారి పళ్ళేనికి రెండో ప్రయాణం

నోరు జారి ఉద్యోగం వదిలేస్తానని అనకపోతే ఈ ప్రయాణం చేసేదాన్ని కాదు.

హైదరాబాదులో ఒక వారపత్రికకు ఫొటోలు తీయడం నా పని. కిందటేడాది ఫిబ్రవరిలో పత్తి రైతుల మీద వ్యాసం కోసం మా సీనియర్ ఒకాయన అద్దంకి వెళ్తుంటే, మెడలో కెమెరా వేసుకుని నేనూ వెళ్ళాను. అక్కడ దేవదానం మాస్టారనే ఒక బడిపంతులు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆయన భార్య రత్నమ్మ గారు వడ్డించిన పళ్ళేన్ని, కడుపు కాలిపోతున్నా, చేయి పెట్టే ముందు ఒకే ఒక్క ఫొటో తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ తెలియదు. ఆ ఫొటో పత్రికలో వచ్చింది. అందులో అన్నం మెతుకుకు మెతుకు విడివిడిగా కనబడింది. గోంగూర మీద నూనె మెరిసింది గాని కంట్లో గుచ్చుకోలేదు. "చూస్తుంటే వెళ్ళి చేయి కడుక్కోవాలనిపిస్తోంది" అన్నారు ఎడిటర్ గారు. ఈ ఏడాది వంటల ప్రత్యేక సంచికలో రంగుల పేజీలు నాకే అప్పగించారు.

కష్టాలు అక్కణ్ణుంచి. హైదరాబాదులో తెలిసినవాళ్ళ ఇళ్ళు నాలుగు తిరిగాను. ఫ్లాష్ వేస్తే అన్నం సున్నపు ముద్దలా, కూర తారులా వచ్చాయి. ఫ్లాష్ తీసేస్తే అంతా మసక. బల్బు వెలుతురులో తీస్తే పప్పూ పెరుగూ ఒకే రంగులోకి వచ్చాయి. ఎడిటర్ గారు ఆ ఫొటోలన్నీ బల్ల మీద పరిచి, "ఆ మొదటిది నిజంగా నువ్వే తీశావా అమ్మాయ్?" అన్నారు.

ఆ మాటతో ఒళ్ళు మండింది. "పదిహేను రోజుల్లో అలాంటిదే తెస్తాను. తేలేకపోతే ఉద్యోగం మానేస్తాను" అన్నాను. బతిమాలతారనుకున్నాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూసి, "అంటే ఆ పై వారం శుక్రవారం" అన్నారు.

ఆ రోజే మాస్టారికి కార్డు రాశాను, ఫలానా మంగళవారం వస్తున్నాను, ఫొటోలు తీసుకోవాలి, రత్నమ్మ గారిని కిందటిసారి వంటే చేయమనండి అని. అదే ఇల్లు, అదే మనిషి, అదే వంట. ఫొటో అదే రావాలి కదా అని నా లెక్క.

సోమవారం సాయంత్రం సికింద్రాబాదులో బండెక్కాను. మంగళవారం ఉదయం ఆరింటికి గుంటూరు. సంచిలో ఒక రంగుల రీలు, రెండు నలుపు తెలుపు రీళ్ళు. రంగుల రీలు కడిగించాలంటే హైదరాబాదు వెళ్ళాల్సిందే. నలుపు తెలుపు అయితే చిన్న ఊళ్ళో స్టూడియో వాడు కూడా పూట తిరిగేసరికి చేతిలో పెడతాడు. అందుకని ముందు అందులో తీసి చూసుకుని, కుదిరాకే రంగుల రీలు ఎక్కించాలని అనుకున్నాను.

బస్టాండు బయట రెండు రూపాయలకు ఇడ్లీ, కాఫీ అయిపోయాయి. మార్కెట్ యార్డుకు వెళ్ళే మిరపకాయ బస్తాల లారీలు వరసగా పోతుంటే దగ్గు ఆగలేదు. ఏడుంపావు బస్సులో పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ నా వీపు మీద చరిచి, "ఏ ఊరమ్మాయ్ మీది? దగ్గుతున్నావంటే మా వైపు దానివి కాదు" అంది.

"హైదరాబాదండీ."

"ఒక్కదానివే వచ్చావా? ఆ మెడలో పెట్టె ఏంది, రేడియోనా?"

కెమెరా అని చెప్పాను. అన్నం ఫొటోలు తీయడానికి వెళ్తున్నానని కూడా చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, "మీ ఊళ్ళో అన్నం దొరకదా?" అని అడిగింది. వెటకారమో జాలో తెలియలేదు. ఈలోపు కండక్టరు వచ్చి కెమెరా సంచి పైన పడేయమన్నాడు. ఒళ్ళో పెట్టుకుంటానన్నాను. లగేజీ టిక్కెట్టు కొట్టమంటావా అన్నాడు. కొట్టమన్నాను. ఇద్దరం చిలకలూరిపేట దాకా వాదించుకున్నాం. టిక్కెట్టు మాత్రం కొట్టలేదు. పెద్దావిడ అక్కడ దిగిపోతూ, "నీ నోటికి ఎవరూ అన్నం పెట్టకుండా ఉండరులే" అని వెళ్ళింది.

పేట దాటాక రోడ్డుకు రెండు వైపులా ఎర్రగా మిరప కల్లాలు. తుమ్మచెట్ల కొమ్మలకు లారీల మీది పత్తి తగులుకుని పోగులు పోగులుగా వేలాడుతోంది. పదిన్నరకు అద్దంకిలో దిగాను.

మాస్టారి ఇల్లు గుర్తుపట్టలేకపోయాను. వీధి అదే, గుమ్మం అదే. గోడలకు మాత్రం నీలిమందు కలిపిన కొత్త సున్నం వేసి ఉంది. ముందుగది అద్దంలా తుడిచి ఉంది. కిటికీలు రెండూ బార్లా తెరిచారు. మూల బల్ల మీద రేడియో, దాని మీద దారంతో అల్లిన గుడ్డ, పైన యేసుప్రభువు పటం, పక్కన మాస్టారి ట్రైనింగు సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి ఉన్నాయి.

"ఫొటోలు తీస్తావన్నావని ఇల్లు కాస్త బాగు చేశాం" అన్నారు రత్నమ్మ గారు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. నలభై అయిదేళ్ళుంటాయి ఆవిడకి. మాట గట్టి. "నీ కార్డు ఇంట్లో పడ్డప్పటి నుంచి మీ మాస్టారు నన్ను కూర్చోనియ్యలేదు."

"నేనేం జేశానే? సున్నం తెమ్మంది నువ్వు గదా" అన్నారు మాస్టారు.

పన్నెండింటికి పళ్ళెం తయారయింది. అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, ఎండు మెత్తళ్ళ చేపలు వేసిన వంకాయ కూర, ఊరమిరపకాయలు. కిందటేడాది ఏం తిన్నానో అవే. గది మధ్యలో చాప మీద పెట్టించాను. కెమెరా కంటికి ఆనించగానే మాస్టారు చేయి అడ్డం పెట్టారు.

"ప్రార్థన అయ్యాక తీయమ్మా."

"ఇది ఫొటోకి కదండీ, తినడానికి కాదు."

"తినని అన్నం వండుతుందా మీ ఆంటీ? కళ్ళు మూసుకో."

మూసుకున్నాను. మాస్టారి ప్రార్థన వాన కోసం, పిల్లల చదువుల కోసం, ఊళ్ళో జ్వరాలు తగ్గడం కోసం సాగింది. చివర్లో "ఈ బిడ్డ చేతిలో ఉన్న యంత్రమును కూడా ఆశీర్వదించుము తండ్రీ" అన్నారు. ఆమెన్ అనేసరికి అన్నం మీద ఆవిరి పోయింది. కోపం వచ్చింది, కాని దేవుడి దగ్గర కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మింగేశాను. పన్నెండు ఫొటోలు తీశాను.

బస్టాండు దగ్గరి స్టూడియోలో సాయంత్రం అయిదింటికి ప్రింట్లు ఇచ్చారు. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. రేడియో ఉంది, సర్టిఫికెట్టు ఉంది, అల్లిన గుడ్డ మీది పువ్వులు కూడా లెక్కపెట్టొచ్చు. పళ్ళెం మాత్రం బిళ్ళలా, చప్పగా ఉంది. అన్నానికి ఎత్తు లేదు, పప్పుకు లోతు లేదు. మూడు వైపుల నుంచి మూడు నీడలు పడి గోంగూర మురికి మరకలా కనబడింది. ఫొటోలో తప్పు ఫలానా అని చూపించలేను. ఆకలి మాత్రం వేయలేదు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి పోస్టాఫీసుకు వెళ్ళి ట్రంకుకాల్ బుక్ చేశాను. హైదరాబాదులో నాకు ఆఫీసు ఫోను చేతిలో లేకపోతే తోచదు. ఏ సందేహం వచ్చినా ఎవరికో ఒకరికి చేసి విసిగించడం అలవాటు. ఇక్కడ గంటంబావు బెంచీ మీద కూర్చుంటే లైను దొరికింది. అవతల ఫొటోలు తీసే నా స్నేహితుడు. "కిటికీ వెలుతురులో తియ్యి" అన్నాడు. తీశానన్నాను. "అయితే ఇంకో కిటికీ కూడా తెరువు" అన్నాడు. అదీ తెరిచే ఉందన్నాను. "పళ్ళెం మార్చు." కిందటిసారిది కూడా స్టీలు పళ్ళెమే అని అరిచాను. కౌంటరులో ఆయన "నెమ్మదిగా చెప్పినా వినబడిద్దమ్మా" అన్నాడు. మూడు నిమిషాలూ అయిపోయాయి.

ఇంటికొచ్చి పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టాను, కిటికీ కింద పెట్టాను, స్టూలు మీద పెట్టాను. అన్నం కుప్పగా పోశాను, పల్చగా పరిచాను. నూనె ఇంకో చెంచా వేయమన్నాను. రత్నమ్మ గారు వేశారు. నిలబడి తీశాను, బోర్లా పడుకుని తీశాను. దేనికి ఏం మారుతోందో, అసలు మారుతోందో లేదో అంతుపట్టలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి ఎండలో పెడితే కాకి మెత్తడు ఎత్తుకుపోయింది.

"ఏం మార్చారండీ మీరు?" అని అడిగేశాను చివరికి. గొంతు కాస్త లేచింది. "నిజం చెప్పండి. బియ్యం మార్చారా? నూనె మార్చారా?"

రత్నమ్మ గారి మొహం ముడుచుకుపోయింది. "అదే కొట్టు, అదే బియ్యం. రెండు రోజుల నుంచి నువ్వు చెప్పినట్టల్లా వడ్డిస్తున్నా. నా వంటకి వంక పెట్టినోళ్ళు ఇప్పటిదాకా లేరమ్మాయ్."

వంటకి వంక పెట్టలేదని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే లోపలికెళ్ళి క్యారేజీ సర్దుతున్నారు. "మస్తానుకి అన్నం ఇచ్చిరావాలి. వచ్చేట్టయితే రా, లేకపోతే ఆ పళ్ళేన్ని చూస్తా కూర్చో" అన్నారు. వెళ్ళాను. ఉద్యోగం ఎలాగూ పోయింది, కనీసం ఈవిడ కోపమైనా పోగొట్టుకుందామని.

మస్తాను నాలుగిళ్ళ అవతల ఉండే దూదేకులాయన. పత్తి ఏకి పరుపులు, బొంతలు కుడతాడు. ఇంటి పక్కన పొడుగ్గా ఒక కొట్టం. దానికి ఒకటే గుమ్మం. లోపల మూడు పక్కలా నా ఎత్తుకు మించి తెల్లగా పత్తి. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు చేటలతో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు.

మస్తాను చేయి కడుక్కుని వచ్చి క్యారేజీ విప్పి, పళ్ళెంలో అన్నం, వంకాయ కూర పెట్టుకుని పత్తి కుప్ప పక్కన కూర్చున్నాడు. నేను అలాగే నిలబడిపోయాను. ఆ పళ్ళెంలో మెతుకుకు మెతుకు విడివిడిగా కనబడుతోంది. వంకాయ తొక్క మెరుస్తోంది, గుచ్చుకోవడం లేదు. కిందటేడాది ఫొటోలో అన్నం అదే.

"తినకండి" అన్నాను.

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "ఎందుకమ్మా, ఏమన్నా పడిందా?"

"కొంచెం సేపు తినకండి. ఇక్కడ ఇలా ఎందుకు కనబడుతోంది?"

మస్తాను నా వైపు, రత్నమ్మ గారి వైపు చూశాడు. ఆవిడ ఏం చెప్పను అన్నట్టు చేయి తిప్పారు. చేటతో కూర్చున్న ఒకావిడ తలెత్తకుండానే చెప్పింది. "దూది ఉన్న చోట బియ్యంలో రాయి దాక్కోదమ్మా. మా ఇంట్లో అయితే ఏరిందే మళ్ళీ ఏరాల. పత్తి ఉన్నన్నాళ్ళూ ఈ వీధోళ్ళందరం ఇక్కడే ఏరుకుంటాం."

"గుమ్మంలోంచి వచ్చిన వెలుతురు మట్టిగోడయితే మింగేసిద్ది. దూదయితే మెత్తగా చేసి మళ్ళా ఇచ్చిద్ది" అన్నాడు మస్తాను. "ఇక తినొచ్చా?"

నేను రత్నమ్మ గారి వైపు తిరిగాను. "కిందటేడాది మీ ముందుగదిలో..."

"మా చేని పత్తి ఉండె. రేటు వచ్చిద్దని మీ మాస్టారు ఇంట్లో పోయించారు. కిటికీలు కూడా మూసుకుపోయినాయి. మీకు కూర్చోను చోటు లేక గుమ్మం దగ్గర చాపేశా. ఈ ఏడూ అంతే ఉండె." ఆవిడ కొట్టంలో ఎడమ పక్క కుప్ప చూపించారు. "ఇదంతా మాదే. నువ్వు ఫొటోలు తీస్తావన్నావు గదా, ఆ చెత్తలో ఏం తీస్తావని మస్తాను చేత ఇక్కడికి మోయించాం. అందుకే ఈ క్యారేజీ."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా కార్డు చూసి, నా కోసం, నా ఫొటోని ఇంట్లోంచి ఎత్తి నాలుగిళ్ళ అవతల పోశారు. పైగా కిటికీలు తెరిచారు. కిందటేడాది ఆకలి మీద పళ్ళెం తప్ప నాకేదీ కంటపడలేదు.

అక్కడే తీస్తానన్నాను. రత్నమ్మ గారు ఒప్పుకోలేదు. "నా వంట మస్తాను కొట్టంలోనా? రేపు పుస్తకంలో చూసినోళ్ళు నాకు ఇల్లు లేదనుకోరూ?" అన్నారు. మస్తాను నొచ్చుకోలేదు, నవ్వాడు. పత్తి మళ్ళీ ఇంట్లోకి తేవాలన్నాను. ఆవిడ నడుం మీద చేయి పెట్టుకుని నన్ను చూశారు. "ఊడ్చి ఊడ్చి నా నడుం పడిపోయింది. మళ్ళీ పోయమంటావు. అంతేనా?"

"ఒక్క పూట ఆంటీ. కుదరకపోతే నా ఉద్యోగం పోతుంది." ఎడిటర్ గారితో నేనన్న మాట అప్పుడు చెప్పాను. విని, "ఆ మాట నువ్వే అన్నావా? ఆయన అనకుండానే?" అన్నారు. అవునన్నాను. "బాగుంది" అని చెంగు దోపుకున్నారు.

గురువారం పొద్దున ఆరింటికే మస్తాను, మాస్టారు, నేను బోరేల్లో, అంటే పెద్ద గోనెసంచుల్లో, పత్తి మోశాం. బోరెం చూడ్డానికి పెద్దదే గాని బరువు లేదు. అయినా పదో దానికి నా మెడ పట్టేసింది. వీధిలో ఒకాయన "ఏంది మాస్టారూ, మొన్న అటు, ఇవాళ ఇటు?" అంటే, మాస్టారు "అన్నానికి వెలుతురు పడుతున్నామయ్యా" అన్నారు. ఆయన మా ముగ్గురినీ ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి ఈ పత్తి తీసుకెళ్ళడానికి గుంటూరు లారీ వస్తుందని అప్పుడే తెలిసింది.

తొమ్మిదింటికి కిటికీలు మూసుకుపోయేలా కొత్త నీలి గోడల నానించి పత్తి పోశాం. పళ్ళెం గుమ్మం దగ్గర చాప మీద పెట్టాం. ఆవిరి పోకుండా అన్నం గిన్నె మీద మూత తీయకుండానే ప్రార్థన చేయమని మాస్టారిని అడిగాను. ఆ రోజు ఆయన మూడే వాక్యాల్లో ముగించారు. ఆమెన్ అనగానే రత్నమ్మ గారు మూత తీసి వడ్డించారు. కెమెరాలోంచి చూస్తే అన్నానికి ఎత్తు వచ్చింది. నలుపు తెలుపులో ఆరు తీసి, రీలు మార్చి, రంగుల్లో ముప్ఫై ఆరూ కొట్టేశాను. మధ్యలో రెండుసార్లు గోంగూర మీద దూది పోగు పడింది. రెండుసార్లూ నేను విసుక్కున్నాను. రెండుసార్లూ రత్నమ్మ గారు గోటితో తీసి, "ఊపిరి బిగబట్టి తియ్యి, నీ విసురుకే ఎగురుతోంది" అన్నారు.

ఒంటిగంటకు స్టూడియో నుంచి ప్రింట్లు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. మంగళవారంవి, ఇవాళ్టివి. ఇవాళ్టిది కిందటేడాది దానికంటే బాగుంది. ఆ మాట పొగరుతో అనడం లేదు, స్టూడియో ఆయన కూడా చాలాసేపు చూసి "భోంచేశారా?" అని అడిగాడు.

రత్నమ్మ గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళద్దాలు తెచ్చుకుని మరీ చూశారు. చివరికి మంగళవారంది తీసుకున్నారు, ఆ చప్పటిది.

"ఇది నేనుంచుకుంటా."

"అది బాగా రాలేదు ఆంటీ. ఇది చూడండి, అన్నం ఎలా ఉందో."

"అన్నం బాగుంది. కాదనను. కాని ఇందులో రేడియో ఉంది, మీ మాస్టారి సర్టిఫికెట్టు ఉంది, గోడ ఉంది. చూడగానే మా ఇల్లని తెలిసిద్ది. నీ దాంట్లో అన్నం తప్ప ఏముంది? ఎవరింటిదో ఎవరికి తెలుసు? కిందటేడు నువ్వు వేసింది మా చెల్లెలికి చూపిస్తే, నీదని ఎక్కడుంది అంది."

కిందటేడాది పత్రికలో ఆ ఫొటో కింద ఏం రాశామో గుర్తు తెచ్చుకున్నాను. 'కమ్మని తెలుగు భోజనం' అని రాశాం. చప్పటి ప్రింటు ఆవిడకే వదిలి, రెండోది సంచిలో పెట్టుకున్నాను. వాదించకుండా ఒకటి వదులుకోవడం నాకు అరుదు.

మూడింటికి లారీ వచ్చి పత్తి తీసుకెళ్ళింది. రత్నమ్మ గారు చీపురు పట్టుకున్నారు. ఊడుస్తానంటే, "నువ్వు ఊడిస్తే మళ్ళీ ఊడ్చుకోవాల" అన్నారు. మూడున్నరకు నేను బస్సెక్కాను. ఆరున్నరకు గుంటూరు. బస్టాండు ఎదురు లాడ్జిలో గది పదిహేను రూపాయలు. నీళ్ళు బకెట్టుతో తెచ్చి ఇస్తారు, దుప్పటి అడిగితేనే ఇస్తారు. పక్క హోటల్లో అయిదు రూపాయల భోజనం తిన్నాను. ట్యూబులైటు కింద పప్పు ఆకుపచ్చగా ఉంది. ఇప్పుడైతే కారణం తెలుసు, అయినా తినబుద్ధి కాలేదు.

శుక్రవారం తెల్లవారుజామున రైలు. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా నర్సుగా పనిచేసే ఒకావిడ, ఒళ్ళో టిఫిను డబ్బా. తెల్లారాక నేను ప్రింటు తీసి చూసుకుంటుంటే ఆవిడ చేయి చాచింది. ఇచ్చాను.

"అబ్బ, గోంగూర" అంది. ప్రింటు దగ్గరగా పెట్టుకుని, "ఎవరిల్లు ఇది? మీ అమ్మగారు వండారా?"

కాదండీ అన్నాను. ఎవరు వండారో చెబుతూ ఉన్నాను గాని, నా చూపు ఆవిడ చేతిలోని ఫొటో మీదే ఉంది. ఎడిటర్ గారికి కావలసిందంతా అందులో ఉంది. రత్నమ్మ గారిని మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. బాగా తీయడమంటే ఏమిటో మూడు రోజుల్లో తెలిసిందనుకున్నాను. రైల్లో మళ్ళీ అయోమయం మొదలైంది.

ఆవిడ దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాను. ప్రింటు బోర్లా తిప్పి, రైలు ఊపుకు అక్షరాలు వంకరపోతున్నా, 'వంట: రత్నమ్మ గారు, దేవదానం మాస్టారి ఇల్లు, అద్దంకి' అని రాశాను. రాసింది రాసినట్టు పేజీలో పడాలి. స్థలం చాలదనో, పాఠకులకు అక్కర్లేదనో ఎడిటర్ గారు ఆ వాక్యం కొట్టేయబోతే పోట్లాడతాను. ఫొటో తీయడం ఇంకా పూర్తిగా వచ్చిందని చెప్పలేను గాని, పోట్లాడటం మాత్రం నాకు బాగా వచ్చు.